ఎండ ఉన్నా కరెంటు లేదేం?
సోలార్, బ్యాటరీలపై విశాఖ పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది బీచ్ రోడ్డుకు దగ్గర్లో రెండంతస్తుల మేడ. 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని ఇద్దరిని కొటేషన్ అడిగాం. ‘శ్లాబుకు రంధ్రాలు వెయ్యక్కర్లేదు, కాంక్రీటు దిమ్మలు పెడితే చాలు’ అంటున్నారు ఒకరు. శ్లాబులోకి బోల్టులు దింపాల్సిందే అంటున్నారు రెండోవారు. ఆయన ధర 18 వేలు ఎక్కువ. శ్లాబు కారుతుందేమోనని ఇంట్లో భయం. హుద్‌హుద్ చూసినవాళ్లం. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: రెండో ఆయన మాట. ఎందుకో లెక్క చూడండి. భవనాల మీద గాలి ఒత్తిడికి మన దేశంలో ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో విశాఖకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. వేగాన్ని వేగంతో హెచ్చించి 0.6తో గుణిస్తే ఒత్తిడి వస్తుంది: చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, మన మాటల్లో సుమారు 153 కిలోల తోపుడు. ఎత్తు, చుట్టుపక్కల కట్టడాలు, ప్యానెల్ వాలును బట్టి ఇంకొన్ని గుణకాలు ఉన్నాయి. మోటు లెక్కకు వాటిని వదిలేద్దాం.

ఇప్పుడు మార్కెట్లో దొరికే 540 వాట్ల ప్యానెల్ పొడవు 2.28 మీటర్లు, వెడల్పు 1.13 మీటర్లు. వైశాల్యం 2.58 చదరపు మీటర్లు. ఒక్కో ప్యానెల్ మీద గాలి పట్టు 395 కిలోలు. 3 కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు, మొత్తం దాదాపు 2,370 కిలోలు. ఆ బలం కిందికి నొక్కితే బాధ లేదు. గాలి ఉత్తరం నుంచి వస్తే దక్షిణానికి వాలిన ప్యానెళ్ల కింద దూరి పైకి లేపుతుంది. ఇక దిమ్మల సంగతి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న కాంక్రీటు దిమ్మ 68 కిలోలు తూగుతుంది. ఆరు కాళ్లకు ఆరు దిమ్మలు, 408 కిలోలు. ప్యానెళ్లు ఒక్కోటి 28 కిలోల చొప్పున 168. ఇనుము ఇంకో 120 అనుకోండి. అన్నీ కలిపినా 700 కిలోలు దాటదు. 2,370 ఎక్కడ, 700 ఎక్కడ? లోతట్టు ఊళ్లలో ఏళ్ల తరబడి కదలకుండా నిలిచిన దిమ్మలు చూసి ఇక్కడా నిలుస్తాయనుకోవడమే పొరపాటు.

శ్లాబు కారుతుందన్న భయం న్యాయమైనదే. అయితే కారేది బోల్టు వల్ల కాదు, బోల్టు వేసిన తీరు వల్ల. డాబా మీద టైల్స్, వాటి కింద వాటం కోసం వేసిన పొర, ఆ కింద అసలు శ్లాబు ఉంటాయి. తొందరపడే పనివాళ్లు పై పొరలోనే బోల్టు బిగించి వెళ్లిపోతారు. దానికి పట్టూ ఉండదు, నీళ్లూ దిగుతాయి. మీ పనివాళ్లతో ఇలా చేయించండి. కాలు వచ్చే చోట టైల్సూ వాటం పొరా చెక్కి అసలు శ్లాబు కనబడాలి. అక్కడ ఎం12 కెమికల్ యాంకర్‌కు, అంటే జిగురుతో శ్లాబులో పాతే 12 మిల్లీమీటర్ల బోల్టుకు, 14 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. రంధ్రంలో దుమ్ము ఊదాలి, బ్రష్ పెట్టి తోమాలి, మళ్లీ ఊదాలి. ఈ పనే అందరూ ఎగ్గొడతారు. దుమ్ము మిగిలితే జిగురు కాంక్రీటును కాక దుమ్మును పట్టుకుంటుంది, చేత్తో లాగినా ఊడొస్తుంది. జిగురు గట్టిపడే దాకా, ప్యాకెట్ మీద రాసిన సమయం పూర్తయ్యే దాకా, నట్టు బిగించకూడదు. తర్వాత కాలి చుట్టూ అడుగు దిమ్మ పోసి, దిమ్మ అంచున వాటర్‌ప్రూఫ్ పూత వేయాలి. దిమ్మ ఇక్కడ బరువు కోసం కాదు, నీళ్లు రాకుండా.

మీ మేడ మీద పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ కడ్డీలు ఉన్నాయా? ఉంటే ఇంతకంటే మంచి అదృష్టం లేదు. తుప్పు గీకి, ఆ కడ్డీలకే కొత్త కడ్డీ కట్టి రెండడుగుల పిల్లర్ పోయిస్తే గాలి బలం నేరుగా పునాదికి పోతుంది, శ్లాబుకు రంధ్రమే అక్కర్లేదు.

ఇక ఉప్పుగాలి. ఇనుప ఫ్రేమ్ ‘గాల్వనైజ్డ్’ అంటే సరిపోదు. కరిగిన జింకులో ముంచి తీసినది కావాలి, పూత 80 మైక్రాన్లు ఉండాలి. కొలిచే చిన్న మీటరు వాళ్ల దగ్గరే ఉంటుంది, మీ ఎదుట పెట్టి చూపించమనండి. మేడ మీదే వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. వెల్డింగ్ వేడికి జింకు కాలిపోయి, ఏడాది తిరక్కుండా అక్కడి నుంచే తుప్పు పాకుతుంది. తప్పకపోతే జింక్ పెయింట్ రెండు పూతలు వేయించండి. బోల్టులు స్టెయిన్‌లెస్ 304 రకం అంటారు. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటికి 316 రకం అడగండి, తేడా కొన్ని వందల రూపాయలే. ప్యానెళ్లకు ఉప్పు తేమ పరీక్ష, ఐఈసీ 61701 ధ్రువపత్రం ఉందో లేదో చూడండి. ఇన్వర్టర్‌ను సముద్రం వైపు గోడకు, పడమటి ఎండ తగిలే గోడకు పెట్టనివ్వకండి.

ఒడియాలు ఆరబెట్టుకోడానికి చోటు మిగలాలని పదడుగుల ఎత్తున పందిరిలా వేయించుకునే ముచ్చట మన దగ్గర ఎక్కువ. వేయించుకోవచ్చు. కాకపోతే కాళ్ల మధ్య ఏటవాలు బద్దీలు, మందం ఎక్కువున్న గొట్టాలు తప్పవు. అసలు ఖర్చు పెరిగేది అక్కడే.

ప్రశ్న: మొన్న మధ్యాహ్నం ఒంటిగంటకు మా లైనులో కరెంటు పోయింది. నడినెత్తిన ఎండ. మా సోలార్ కూడా ఆగిపోయింది! లక్షన్నర పోసింది ఇందుకేనా? దీనికి బ్యాటరీ కలపొచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మధురవాడ

జవాబు: మీ యంత్రం చెడిపోలేదండీ, చేయాల్సిన పనే చేసింది. మీది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే లైనులో కరెంటు ఉంటేనే పనిచేసే రకం. లైనులో కరెంటు లేదని తెలిసిన మరుక్షణం అది ఆగిపోవాలి. ఆగకుండా మీ మేడ మీది కరెంటు లైనులోకి పోతే, సరఫరా ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే మీకింత కోపం వచ్చేది కాదు.

బ్యాటరీ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి. కరెంటు పోగానే అది లైను నుంచి ఇంటిని విడదీసి, ఎండ, బ్యాటరీలతో ఎంపిక చేసిన పాయింట్లు నడుపుతుంది. ఎంత బ్యాటరీ కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. మామూలు ఫ్యాన్లు 75 వాట్లవి రెండు, ఎనిమిది గంటలు: 1.2 యూనిట్లు. నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, ఐదు గంటలు: 0.18. ఫ్రిజ్ రాత్రంతా: అర యూనిట్. టీవీ మూడు గంటలు: పావు యూనిట్. వైఫై: 0.12. మొత్తం రెండుంపావు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 51.2 వోల్టులు, 100 యాంపియర్ అవర్లది తీసుకుంటే కాగితం మీద 5.12 యూనిట్లు. పదో వంతు లోపల మిగల్చాలి, మార్పిడిలో ఇంకో పదో వంతు వేడిగా పోతుంది. చేతికొచ్చేది నాలుగు యూనిట్ల పైచిలుకు. అంటే పైన చెప్పిన ఇంటికి ఎండ మొహం చూడకుండా దాదాపు రెండు రాత్రులు. అదే ఒకటిన్నర టన్నుల ఏసీ పెట్టారా, గంటకు యూనిట్ చొప్పున నాలుగు గంటల్లో ఖాళీ.

నీళ్ల మోటారును బ్యాకప్‌లో కలపనే వద్దు. ఒక హెచ్‌పీ మోటారు తిరిగేటప్పుడు సుమారు కిలోవాటే, కానీ స్టార్టయ్యే క్షణంలో నాలుగైదు రెట్లు గుంజుతుంది, ఇన్వర్టర్ పడిపోతుంది. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపుకోండి, ఇన్వర్టర్ యాప్‌లో బ్యాటరీ నిల్వను 100 శాతానికి మార్చుకోండి.

వైరింగ్‌లో ఒక తిరకాసు ఉంది. బ్యాకప్ పాయింట్ల ఫేజ్‌ను వేరు చేసి, న్యూట్రల్‌ను మాత్రం పాత బోర్డులో అందరితో కలిపి వదిలేస్తారు. అప్పుడు షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది. పనివాడు విసుగొచ్చి ఆర్‌సీసీబీనే పీకేస్తాడు. అలా చెయ్యనివ్వకండి. బ్యాకప్‌కు ఫేజూ న్యూట్రలూ రెండూ విడిగా రావాలి. కరెంటు లేని వేళ బ్యాకప్ వైపు న్యూట్రల్ ఎర్త్‌కు కలుస్తుందో లేదో ఇన్వర్టర్ మాన్యువల్‌లో చూపించమనండి. అది కలవకపోతే ఆర్‌సీసీబీ ఉన్నా లేనట్టే.

ఇంతా చెప్పి ఒక మాట. బిల్లు తగ్గడానికి మీకు బ్యాటరీ అక్కర్లేదు. నెట్ మీటరింగ్‌లో పగలు మీరు లైనులోకి పంపిన యూనిట్లు రాత్రి వాడుకున్నవాటిలో తీసివేస్తారు. పైగా ఇళ్ల సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీ ప్యానెళ్లకే గానీ బ్యాటరీకి రాదు. నెలకు గంటో రెండు గంటలో పోయే కరెంటు కోసమైతే ఆ డబ్బు దండగ. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న మనిషో, ఇంటి నుంచి ఉద్యోగమో ఉంటే వేరే సంగతి.

ప్రశ్న: మాకు నెలకు 150 యూనిట్లే కాలుతుంది. మా అక్క వాళ్లకు 400. ఇద్దరం పెట్టించుకుంటే ఇద్దరికీ ఒకేలా లాభమా?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: కాదండీ. మన రాష్ట్రంలో ఇళ్ల టారిఫ్ మెట్లమెట్లుగా ఉంటుంది. 2022 నుంచి అమలైన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. సోలార్ కోసేది పై మెట్టు నుంచి. మీ అక్కగారి 400 యూనిట్లకు కరెంటు చార్జీ 2,548 రూపాయలు. 3 కిలోవాట్లు పెడితే నెలకు తక్కువలో తక్కువ 350 యూనిట్లు వస్తాయి, మిగిలిన 50కి 117 రూపాయలు. నెలకు 2,430 మిగులు. మీ 150కి చార్జీ 567. ఒక కిలోవాట్ పెడితే 120 యూనిట్లు పోయి 57 మిగులుతుంది, ఆదా 510. (స్థిర చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు ఈ లెక్కలో లేవు.)

రాయితీ రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడో దానికి 18 వేలు, గరిష్ఠంగా 78 వేలు. అది పోను మీ అక్కగారి పెట్టుబడి నాలుగైదేళ్లలో తిరిగొస్తుంది, మీకు ఏడేళ్ల దాకా పడుతుంది. ముందు పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించుకోండి. ఏసీ కొనే ఆలోచన ఉంటే అప్పుడు సోలార్ సంగతి చూద్దురు గాని.

ప్రశ్న: సరిగ్గా 12 గంటలకు, ఎండ బాగా ఉన్నప్పుడే మా ఇన్వర్టర్ ఆగుతూ వస్తూ ఉంటుంది. కంపెనీ మనిషి వచ్చి ‘గ్రిడ్ ప్రాబ్లం’ అని వెళ్లిపోయాడు. ఉత్పత్తి కూడా నిరుటి కంటే తగ్గింది.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది వోల్టేజీ. మీ మేడ నుంచి కరెంటు లైనులోకి పోవాలంటే మీ దగ్గర వోల్టేజీ లైను కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. సర్వీసు వైరు సన్నదైతే ఆ ‘కొంచెం’ పెరిగిపోతుంది. 3 కిలోవాట్లు అంటే 13 యాంపియర్లు. స్తంభం 30 మీటర్ల దూరంలో ఉండి, 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరైతే రాకపోకలు కలిపి 5.5 వోల్టుల తేడా పడుతుంది. 10 చదరపు మిల్లీమీటర్లదైతే 2.2 వోల్టులే. మధ్యాహ్నం వీధిలో వాడకం తక్కువ, లైనులో వోల్టేజీ ఎలాగూ పైనే ఉంటుంది. దానికి ఇది కలిసి ఇన్వర్టర్ హద్దు దాటుతుంది, ఆగుతుంది.

ఇన్వర్టర్ తెర మీద గ్రిడ్ వోల్టేజీని ఉదయం 7కి, మధ్యాహ్నం 12కి, రాత్రి 9కి మూడు రోజులు రాసుకోండి. మధ్యాహ్నం ఇన్వర్టర్ ఆపినప్పుడు ఎంత, నడిచేటప్పుడు ఎంత అన్నదీ రాయండి. ఆపగానే ఏడెనిమిది వోల్టులు పడిపోతే లోపం మీ సర్వీసు వైరులోనో స్తంభం దగ్గరి జాయింటులోనో ఉంది. ఆపినా 250 దగ్గరే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీని పెంచి తగ్గించే అమరిక) మార్చాలి. ఆ కాగితంతో ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ఏఈ గారిని కలవండి. ‘గ్రిడ్ ప్రాబ్లం’ అంటే ఎవరూ కదలరు, అంకెలు చూపిస్తే కదులుతారు. 2024లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 5 కిలోవాట్ల దాకా సోలార్ కోసం పంపిణీ వ్యవస్థను బలపరిచే ఖర్చు డిస్కందే, అంటే పంపిణీ సంస్థదే.

ఉత్పత్తి తగ్గడానికి మీ ప్రాంతంలో మొదటి అనుమానం ధూళి మీద. పొడి దుమ్మైతే వాన కడిగేస్తుంది. ఉప్పు తేమతో కలిసిన నల్లటి మసి ప్యానెల్ కింది అంచున చారలా పేరుకుని వానకు కూడా పోదు. పదిహేను రోజులకోసారి, పొద్దున్నే ఆరు, ఏడు మధ్య, మెత్తటి గుడ్డతో తుడవాలి. ఎండకు కాలుతున్న గాజు మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్ల మచ్చలు కడతాయి, మున్సిపల్ నీళ్లే వాడండి. కాకిరెట్ట కనబడిన రోజే తీసేయండి. ఆ మచ్చ కింది గడి (సెల్) కరెంటు ఇవ్వదు సరికదా, వేడెక్కి మాడుతుంది. ఎక్కేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఆరు ప్యానెళ్లు వరసలో కలిస్తే దాదాపు 300 వోల్టుల డీసీ. ఎండ ఉన్నంతసేపూ అది ఉంటుంది, ఇంట్లో మెయిన్ ఆపినా ఆగదు.

ప్రశ్న: రాష్ట్రంలో పగలు సోలార్ కరెంటు మిగిలిపోతోందంటారు. మరి బొగ్గు ప్లాంట్లు ఎందుకు? బ్యాటరీలను ఒకచోట మెగావాట్లలో, ఇంకోచోట మెగావాట్ అవర్లలో ఎందుకు చెబుతారు?
– ఇంజినీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మెగావాట్ అంటే కుళాయి లావు, మెగావాట్ అవర్ అంటే ట్యాంకు సైజు. 1,000 మెగావాట్లు, 2,000 మెగావాట్ అవర్ల బ్యాటరీ అంటే పూర్తి వేగంతో వదిలితే రెండు గంటల్లో ఖాళీ. రెండో అంకె చెప్పకుండా ‘వెయ్యి మెగావాట్ల బ్యాటరీ’ అని రాస్తే ఆ వార్త సగమే.

పై జవాబులో మధురవాడ పాఠకుడికి ‘పగలు పంపింది రాత్రి తీసివేస్తారు’ అన్నాం కదా. మీటరు లెక్కలో అది నిజం. వైర్ల లెక్కలో కాదు. రాత్రి 8 గంటలకు ఆయన వాడే యూనిట్ అప్పుడే ఎక్కడో పుట్టాలి. సాయంత్రం 6 దాటితే సోలార్ సున్నా, సరిగ్గా అప్పుడే దీపాలు, ఏసీలు, వంటిళ్లు మొదలు. ఆ వేళ లోటును పూడ్చాలంటే సింహాద్రి లాంటి థర్మల్ యూనిట్లు అప్పటికే నడుస్తూ ఉండాలి. బాయిలర్‌ను గ్యాస్ పొయ్యిలా తిప్పి వెలిగించలేం. పగలు అవసరం లేకపోయినా సగం పైచిలుకు లోడు మీద, 55 శాతం దగ్గర, దాన్ని మండిస్తూనే ఉండాలి. అందుకే ఒక పక్క బొగ్గు కాలుతుండగా ఇంకో పక్క సోలార్ పార్కును తగ్గించమనే పరిస్థితి వస్తుంది. వ్యవసాయానికి తొమ్మిది గంటల కరెంటు పగటిపూట ఇవ్వడం ఈ మిగులును కొంత తాగేస్తుంది. పంపుసెట్టు కూడా ఒక రకం బ్యాటరీయే అనుకోవచ్చు, నిల్వయ్యేది నీరు.

రాష్ట్రం 2024 అక్టోబరులో తెచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానంలో లక్ష్యాలు చూడండి: సోలార్ 78.5 గిగావాట్లు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు), పవన విద్యుత్తు 35, పంప్డ్ స్టోరేజీ 22, బ్యాటరీలు 25 గిగావాట్ అవర్లు. బ్యాటరీ అంకెను సోలార్ అంకె పక్కన పెట్టి ఆలోచించండి. 25 గిగావాట్ అవర్లు అంటే 78.5 గిగావాట్ల సోలార్ పూర్తి శక్తితో ఇరవై నిమిషాల్లో ఇచ్చే కరెంటు. అసలు బరువు కొండల మీది నీటిదే. పగటి కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, రాత్రి వదిలి టర్బైన్లు తిప్పుతారు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లది అలాంటిదే, మనకు ఎగువన అల్లూరి జిల్లాలో ఎగువ సీలేరు వద్ద 1,350 మెగావాట్ల ప్రాజెక్టూ అదే పద్ధతి. వంద యూనిట్లతో నీరెక్కిస్తే 75–80 తిరిగొస్తాయి. లిథియంలో 85 దాకా వస్తాయి. పంప్డ్ స్టోరేజీ కట్టడానికి ఏళ్లు పట్టినా దశాబ్దాలు పనిచేస్తుంది. బ్యాటరీ కంటైనర్లు నెలల్లో నిలబడతాయి గాని ఏటా కొంత అరుగుతాయి. బ్యాటరీ వైపు మొగ్గు పెరగడానికి కారణం ధర. 2022లో కేంద్ర సంస్థ సెకీ వేలంలో మెగావాట్‌కు నెలకు 10.84 లక్షల రూపాయలు పలికిన బ్యాటరీ అద్దె, 2024 మార్చిలో గుజరాత్ వేలంలో 4.49 లక్షలకు దిగింది.

తీరికున్నప్పుడు ముడసర్లోవ రిజర్వాయర్ మీది 2 మెగావాట్ల తేలే సోలార్ చూసి రండి. సింహాద్రి ఎన్టీపీసీ జలాశయం మీద 2021లో ప్రారంభమైనది 25 మెగావాట్లు. నీటి చల్లదనం ప్యానెళ్లకు కలిసొస్తుంది. మామూలు మోనో ప్యానెల్ గడి 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ 0.35 శాతం శక్తి కోల్పోతుంది. మేడ మీద గడి 60 డిగ్రీలకు చేరితే పన్నెండు శాతం గాలికి పోయినట్టే.

ప్రశ్న: మీటరు ఇంకా చనిపోయిన మా నాన్నగారి పేరున ఉంది. రాయితీ వస్తుందా?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ముందు పేరు మార్పించండి, తర్వాతే పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో దరఖాస్తు. బిల్లు మీది పేరూ బ్యాంకు ఖాతా పేరూ ఒకటి కాకపోతే ప్యానెళ్లు ఎక్కి, నెట్ మీటరు పెట్టాక కూడా రాయితీ ఆగిపోతుంది. దేశీయ గడులతో చేసిన డీసీఆర్ ప్యానెళ్లకే రాయితీ. బిగించే ముందే ప్రతి ప్యానెల్ వెనక సీరియల్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత కొటేషన్ ఉంటే తిరగరాయించండి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ లిఫ్టు, మోటార్లకు సోలార్ పెట్టొచ్చా?
– అసోసియేషన్ కార్యదర్శి, మధురవాడ

జవాబు: పెట్టొచ్చు. ఉమ్మడి మీటరు మీద అసోసియేషన్ పేరున కిలోవాట్‌కు 18 వేల రాయితీ ఉంది. కిలోవాట్‌కు నీడ పడని వంద చదరపు అడుగులు కావాలి. డిసెంబరులో ఒక రోజు ఉదయం 9కి, సాయంత్రం 4కి లిఫ్టు గది, ట్యాంకుల నీడ ఎందాకా వస్తుందో సుద్దముక్కతో గీయించండి. ఆ గీతల బయట మిగిలిన చోటే మీ సోలార్ సైజు.

ప్రశ్న: ఇంట్లో పాత ఇన్వర్టర్, 150 యాంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. వాటికే రెండు ప్యానెళ్లు కలపొచ్చా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: మధ్యలో ఎంపీపీటీ చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చే పెట్టె) పెడితే కలపొచ్చు, కానీ కంట్రోలర్ ఎంత వోల్టేజీ తట్టుకుంటుందో చూడండి. 540 వాట్ల ప్యానెల్ ఒక్కటే 50 వోల్టుల దాకా ఇస్తుంది, రెంటినీ వరసలో కలిపితే వంద. ఆ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు, సగం కంటే వాడితే త్వరగా పోతుంది. రెండు ప్యానెళ్ల ఎండ దానికి ఎక్కువే, ఒకటి చాలు. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి, ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి.